తలక్రిందులైన చూపు

(చదువవలసిన భాగములు: మార్కు 8:22–26, మత్తయి 6:22, 23, 1 తిమోతి 1:12–16)

కంటికిని మెదడునకును నడుమ ఒక త్రాడు కలదు. దానిని దృక్ నాడి యందురు. మనుష్యునిలో అది పది లక్షలకు మించిన సన్నని తంతువుల కట్ట. కప్పలో సుమారు 5 లక్షల తంతువులు. ప్రతి తంతువును కంటి వెనుకనున్న నేత్రపటలములో ఒకానొక చోటనుండి బయలుదేరి, మెదడులో తనకు ఏర్పడిన చోటికి చేరును. పెద్దవాడైన మనుష్యునిలో ఈ త్రాడు తెగిన యెడల అది మరల పెరుగదు. ఆ కంటి చూపు పోయినదే. కప్పలోను, న్యూట్ అనబడు బల్లి ఆకారపు ఉభయచరములోను అట్లు కాదు. తెగిన తంతువులు మొండిచెట్టు చిగిర్చినట్లు చిగిర్చి, మచ్చకట్టిన గాయమును దాటి, కొన్ని వారములలో మెదడును మరల చేరుకొనును. గ్రుడ్డిదైన కప్ప తిరిగి ఈగను చూచి నాలుక చాచును. 1925లో రాబర్ట్ మత్తే అను స్విట్జర్లాండు దేశపు జంతుశాస్త్రజ్ఞుడు న్యూట్‌లలో ఈ సంగతిని కనుగొని ప్రకటించెను.

బురదలో నివసించు అల్పప్రాణికి ఇట్టి వరము ఉండగా, దేవుని స్వరూపమందు సృజింపబడిన మనుష్యునికి అది లేకపోవుట ఏల? ఈ ప్రశ్న సహజమైనదే. కాని మత్తే తరువాత రెండు దశాబ్దములకు జరిగిన వేరొక పరిశోధన, దీనికంటె లోతైనదియు, మనస్సాక్షికి మరింత దగ్గరయైనదియునగు ప్రశ్నను ముందు నిలిపినది.

రోజర్ స్పెర్రీ 1913లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమున జన్మించెను. చికాగో విశ్వవిద్యాలయములో పాల్ వైస్ అను ప్రఖ్యాత ఆచార్యుని యొద్ద పరిశోధన చేసి 1941లో డాక్టరు పట్టము పొందెను. నాడీ తంతువు ఎచ్చటికి పోయి అతుకుకొన్నను పని చక్కబడును, దానికి నియతమైన గమ్యము అక్కరలేదు అనునది ఆ దినములలో ప్రబలమైన అభిప్రాయము. వైస్ ఆచార్యుడును తనదైన రీతిని దానినే బోధించెను. శిష్యుడు దానిని పరీక్షింపబూని, గురువు మాట నిలువదని చూపెను. గురువును గౌరవించుచునే గురువు మాటను పరీక్షించుట వేదాంత పాఠశాలలలో ఇంకను అరుదుగానే కనబడు గుణము.

ఆ పరీక్ష మిక్కిలి సులభమైనది. స్పెర్రీ న్యూట్ యొక్క దృక్ నాడిని కోసి, కంటిగ్రుడ్డును గుంటలోనే సగము చుట్టు, అనగా 180 డిగ్రీలు త్రిప్పి, అట్లే మాననిచ్చెను. ఇప్పుడు కంటి పైభాగము క్రిందికిని, ముందుభాగము వెనుకకును వచ్చినది. తంతువులు మరల పెరిగి మెదడును చేరినప్పుడు రెండింటిలో ఒకటి జరుగవలెను. వాడుక మార్గమును దిద్దునదైతే, ఆ ప్రాణి కొన్నాళ్లు తడబడినను తుదకు సరిగా చూడవలెను. అట్లుగాక ప్రతి తంతువునకు తన పాత చోటే గమ్యమైతే, లోకము దానికి తలక్రిందులుగా కనబడవలెను.

రెండవదే జరిగినది. ఆహారమును పైన చూపిన యెడల అది క్రిందికి మొగ్గెను; ముందు చూపిన యెడల వెనుకకు తిరిగెను. ఆయన 1943 మొదలు 1945 వరకు ప్రకటించిన వ్యాసములలో న్యూట్‌లు, కప్పలు రెండును కలవు. తలమీద ఈగ ఎగురుచుండగా కప్ప నేలమీదికి దుమికి నోటినిండ మట్టి తెచ్చుకొనెను. ఒకదినము కాదు, ఒక వారము కాదు. నెలలు గడచినను అది నేర్చుకొనలేదు. ఆకలి దానిని దిద్దలేదు, మట్టి రుచి దానిని దిద్దలేదు. కన్ను త్రిప్పబడెనని తంతువులు ఎరుగవు. అవి చీకటిలో దారి వెదకుకొనుచు, మచ్చను దాటి, లక్షల కొలది చోట్లలో తమ పూర్వపు చోటనే వచ్చి నిలిచినవి. అవి చేసిన తప్పు ఒక్కటియు లేదు. వాటి నమ్మకత్వము ఎంత సంపూర్ణమో, కప్ప పొరపాటు అంత సంపూర్ణము.

ఇక్కడ ఒక్కమాట చెప్పక సాగిపోవుట న్యాయము కాదు. ఈ జ్ఞానమునకు వెల చెల్లించినది కప్ప; దాని సమ్మతిని ఎవరును అడుగలేదు. సృష్టియంతయు మూలుగుచున్నదని రోమా పత్రికలో వ్రాసిన అపొస్తలుడు ప్రయోగశాలను ఎరుగడు గాని, ఆ మూలుగులో దీనిని చేర్చుకొనుటకు అడ్డేమియు లేదు. వెల చెల్లించబడినది గనుక, దానితో కొన్నదానిని తేలికగా ఎంచరాదు.

కొందరు ప్రసంగీకులు ఇట్టి సంగతులు చెవినిబడగానే దైవనిర్ణయ సిద్ధాంతమునకు సాక్ష్యము దొరకెనని సంతోషింతురు. మరికొందరు, తెగిపోయి తిరిగి అతుకుకొనిన నాడి పశ్చాత్తప్తుడైన పాపికి చక్కని ఉపమానమందురు. మొదటివారికి చెప్పదగినది ఇంతే: కప్ప కంటితో ఏర్పాటు సిద్ధాంతము నిలువదు, పడిపోదు. స్పెర్రీయే తరువాతి కాలమున, మనస్సును కేవలము నాడులలోని రసాయనముగా తగ్గించి చెప్పువారిని బాహాటముగా ఎదిరించెను. 1981లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది కప్పలనుగూర్చి కాదు, మెదడు యొక్క రెండు అర్ధభాగములనుగూర్చిన పరిశోధనకు.

రెండవవారి ఉపమానము మాత్రము ఆలోచింపదగినది, ఏలయనగా అది సగము నిజము. హెబ్రీ ప్రవక్తలు మారుమనస్సును గూర్చి చెప్పునప్పుడు వాడు మాట ‘షూబ్’. తిరుగుట, తిరిగి వచ్చుట అని దాని అర్థము. తెగిన తంతువు తన చోటికి వచ్చుట అట్టిదే. గ్రీకు సువార్తలలోని మాట ‘మెతనోయియ’. దానిని తెలుగు భాషాంతరకారులు ‘మారుమనస్సు’ అని చక్కగా తెచ్చిరి. అందులో ప్రయాణము లేదు, చూపు మారుట కలదు. ఈ రెండు మాటలును ఒకదానికొకటి బదులు రావు. తప్పిపోయిన కుమారుని ఉపమానములో (లూకా 15) చిన్నవాడు తిరిగి వచ్చెను. పెద్దవాడు ఇల్లు విడువనే లేదు. ప్రతి తంతువును దాని చోటనే ఉన్నది. అయినను తండ్రి విందు అతనికి అన్యాయముగా కనబడెను. తమ్ముడు దూరదేశమునుండి రావలసి వచ్చినది. అన్న ఎచ్చటినుండి రావలెను? అతడు బయలుదేరుటకు స్థలమే లేదు.

కప్ప ముందు నిలిపిన ప్రశ్న ఇది: నిష్కపటముగా, మనస్సాక్షికి లోబడి, తప్పుగా చూచువాడు దోషియా, నిర్దోషియా?

క్రైస్తవ సంఘములో ఇది పాత ప్రశ్న. పొరపడిన మనస్సాక్షియైనను దానిని మీరుట పాపమే యని 13వ శతాబ్దమున తోమా అక్వినాసు బోధించెను. విశ్వాసమూలము కానిది పాపమని రోమా 14లో పౌలు చెప్పినదానికి ఇది దూరము కాదు. అయితే మనస్సాక్షి ఆ పొరపాటులో పడుట ఆ మనుష్యుని నిర్లక్ష్యము వలన జరిగినయెడల, దానికి లోబడుట అతనిని నిర్దోషిగా చేయదనియు ఆయన చేర్చెను. అనగా మీరినను దోషము, లోబడినను దోషము. ఇది కఠినమైన మాట. అయినను దీనినుండి తప్పించుకొనజూచినవారు చాలమంది ‘మనస్సు శుద్ధమైతే చాలును’ అను మెత్తని పరుపుమీద పడిరి. ఆ పరుపు లేఖనములలో లేదు. శిష్యులను చంపువాడు దేవునికి సేవ చేయుచున్నానని తలంచు కాలము వచ్చునని ప్రభువు ముందుగానే చెప్పెను (యోహాను 16:2). ఆ హంతకుని మనస్సు అపరిశుద్ధమని ఆయన చెప్పలేదు.

తార్సువాడైన సౌలు అట్టివాడే. ధర్మశాస్త్రము విషయములో తనయందు నింద లేదని అతడు ఫిలిప్పీయులకు వ్రాసెను. అది డంబము కాదు, వాస్తవము. అతని లోపలి నాడులన్నియు తెగక, చెడక, పితరుల ఆచారమందు తమ తమ చోట్ల నిలిచియున్నవి. కన్ను మాత్రము త్రిప్పబడియున్నది. అందుచేత పైనున్నది క్రిందుగా కనబడెను. దేవుని కుమారుని మనుష్యులను అతడు దేవుని శత్రువులుగా పట్టుకొనిపోయెను. తరువాత తిమోతికి వ్రాయుచు, తెలియక చేసితిని గనుక కనికరింపబడితినని ఒప్పుకొనెను. ఆ వెంటనే, పాపులలో తానే ప్రధానుడనని చెప్పెను. రెండు వాక్యములును ఒక్క చోటనే యున్నవి. తెలియమి కనికరమునకు ద్వారమాయెను గాని, నిర్దోషత్వమునకు రుజువు కాలేదు. తనయందు ఏ దోషమును కానరాకపోయినను అందువలన నీతిమంతుడుగా ఎంచబడడని కొరింథీయులకు వ్రాసినవాడును ఇతడే. ఈ మాటల బరువు తెలియవలెనన్న, స్తెఫనును చంపినవారి వస్త్రములకు కావలియున్న యువకుని జ్ఞాపకము చేసికొనవలెను.

సంస్కరణ సంఘముల బిడ్డలకు ఇంతకంటె దగ్గరి సాక్ష్యము కలదు. అది చెప్పుటకు బాధాకరము. 1521లో వర్మ్సు సభయందు మార్టిన్ లూథరు తన మనస్సాక్షి వాక్యమునకు బద్ధమైయున్నదని చెప్పి చక్రవర్తి ఎదుట నిలిచెను. ఆ దినమును ప్రొటెస్టెంటు సంఘములు సంతోషముతో స్మరించును. ఆ మనుష్యుడే, ఆ మనస్సాక్షితోనే, 1543లో యూదులకు విరోధముగా ఒక గ్రంథము వ్రాసి, వారి సమాజమందిరములను తగులబెట్టుడని పాలకులకు సలహా ఇచ్చెను. రెండు తావులలోను అతడు నిష్కపటుడే. స్మారకదినములలో మొదటిదానిని చదివి రెండవదానిని దాచుట సంఘమునకు మేలు చేయలేదు. 1933 తరువాత జర్మనీలో ‘జర్మను క్రైస్తవులు’ అను పక్షము ఆ గ్రంథమును వెలికి తీసి చేతపట్టుకొనెను. ఆ పక్షములో వంచకులు ఉండిరి; అయితే కీర్తనలు పాడి, పిల్లలకు బాప్తిస్మమిప్పించి, వ్యాధిగ్రస్తులను పరామర్శించి, నిష్కల్మషముగా మట్టిమీదికి దుమికినవారును అనేకులు ఉండిరి. ఒక్క కన్ను కాదు, సంఘపు కన్నే త్రిప్పబడెను. 1934లో బార్మెన్ పట్టణమున కూడి, సంఘమునకు క్రీస్తు తప్ప వేరొక ప్రభువు లేడని ప్రకటించినవారు కొద్దిమంది. వారిలోను యూదుల పక్షముగా స్పష్టముగా మాటలాడినవారు ఇంకను కొద్దిమంది.

స్పెర్రీ అమెరికాలో న్యూట్‌ల కన్నులు త్రిప్పి చూచుచున్న ఆ సంవత్సరములలోనే డీట్రిక్ బాన్‌హోఫర్ బెర్లిను చెరసాలలో ఉండెను. 1943 ఏప్రిల్‌లో పట్టబడి, 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బర్గులో ఉరితీయబడెను. చెరకు పోవుటకు కొంచెము ముందు, 1942 చివర ఆయన వ్రాసిన ఒక వ్యాసముతో కూడ దొరకిన అసంపూర్ణమైన చిన్న భాగమొకటి కలదు. లోకచరిత్రలోని గొప్ప సంగతులను క్రిందనుండి, అనగా త్రోసివేయబడినవారి, బాధింపబడినవారి తట్టునుండి చూడ నేర్చుకొనుట తమకు కలిగిన వెలలేని అనుభవమని దాని భావము. గొప్ప యింట పుట్టి, విద్యలో మొదటి వరుసను నిలిచిన మనుష్యుడు అట్లు చూడ నేర్చుకొనెను. కప్ప నేర్చుకొననిది అదే.

ఆయన అన్న కార్ల్ ఫ్రీడ్రిక్ రసాయన శాస్త్రవేత్త. ఈ అన్న కుమారుడైన ఫ్రీడ్రిక్ బాన్‌హోఫర్ జర్మనీలోని ట్యూబింగెన్‌లో స్పెర్రీ ప్రశ్ననే చేపట్టెను. తంతువు తన చోటును ఎట్లు గుర్తించును? ప్రతి తంతువును తన జోడును రసాయనిక గుర్తుల చేత తెలిసికొనునని స్పెర్రీ 1963లో ఊహించియుండెను. ఆ గుర్తులేవో ముప్పది సంవత్సరములకు పైగా ఎవరికిని చేత చిక్కలేదు. 1995లో ఫ్రీడ్రిక్ పరిశోధనశాలయు, అమెరికాలో వేరొక పరిశోధనశాలయు కోడిపిల్ల పిండము మెదడులో అట్టి గుర్తులను కనుగొనెను. అవి ఒక తట్టున దట్టముగాను, రెండవ తట్టున పలుచగాను పరచబడియుండును; తంతువు వాటి హెచ్చుతగ్గులనుబట్టి ఇంతవరకు పోయి ఆగును. పినతండ్రి చూపు ఎట్లు తిరుగునో వ్రాసెను. అన్న కుమారుడు నాడి ఎట్లు తిరుగక నిలుచునో కనుగొనెను. దీనిలో గూఢార్థము వెదకనక్కరలేదు. ఒకే కుటుంబములో అట్లు జరిగినది, అంతే.

మనుష్యుడు నేర్చుకొనగలడా? శరీరపు కంటి విషయములో దీనికి జవాబు కలదు. 1897లో కాలిఫోర్నియాకు చెందిన జార్జ్ స్ట్రాటన్ ఒక కంటిని మూసికొని, రెండవ కంటికి లోకమును తలక్రిందులుగా చూపు అద్దమును తగిలించుకొని ఎనిమిది దినములు గడపెను. మొదట చేయి చాచిన చోట వస్తువు లేదు, నడచిన చోట దారి లేదు, కడుపులో వికారము. చివరి దినములలో అతడు తడబాటు లేక ఇల్లంతయు తిరుగుచుండెను. కప్పకు నెలలలో రానిది మనుష్యునికి వారములో వచ్చినది. మనుష్యునికి తెగిన నాడి పెరుగదు, త్రిప్పిన చూపు దిద్దుకొనును. కప్పకు నాడి పెరుగును, చూపు దిద్దుకొనదు. మొదట అడిగిన ప్రశ్నకు, అనగా ఎవరికి ఏ వరము ఏల అనుదానికి, ఇది పూర్తి జవాబు కాదు. కాని మనుష్యుని దోషమును గూర్చి మాటలాడుటకు మాత్రము ఇది చాలును. నేర్చుకొనలేని కప్పను నిందించువాడు లేడు. నేర్చుకొనగలవాడు నేర్చుకొననప్పుడు ‘నాకు అట్లే కనబడినది’ అనుట జవాబు కాదు.

ఈ రెండింటి నడుమ బల్లి ఒకటి నిలిచియున్నది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఒక జాతి బల్లిలో తెగిన దృక్ నాడి మెదడువరకు పెరుగును గాని, తంతువులు క్రమము తప్పి కలగాపులగముగా చేరును. నాడి ఉన్నను బల్లి ఆ కంటికి గ్రుడ్డిదే. ఆ కంటితోనే ఆహారమును పట్టుకొనునట్లు విడువక అభ్యాసము చేయించినప్పుడు వాటికి చూపు తిరిగి వచ్చెనని 2003లో అక్కడి పరిశోధకులు ప్రకటించిరి. వాడుక ఏమియు దిద్దదని కప్పనుబట్టి తీర్పు చెప్పినవారు బల్లి యొద్ద కొంచెము ఆగవలెను.

స్ట్రాటన్ దేనివలన నేర్చుకొనెనో గమనింపవలెను. అతడు కంటిని ఇంకను గట్టిగా తెరచి చూచుటవలన కాదు. చేయి వస్తువును తాకి, కాలు గడపను తాకి, కన్ను చెప్పినది అబద్ధమని చెప్పినందున. నిష్కపటత్వము అనునది కన్ను తన్ను తాను చూచుకొనుట వంటిది. ఎంత చూచుకొన్నను త్రిప్పబడిన సంగతి దానికి కనబడదు. తాకినది చెప్పవలెను. సంఘములో ఆ తాకుడు సాధారణముగా, ఎవరికి దెబ్బ తగిలెనో వారి నోట వచ్చును. ఆంధ్ర దేశములో ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టె తిని, కుమార్తెకు సంబంధము చూచునప్పుడు కులము విచారించు క్రైస్తవ గృహములు కొద్ది కావు. వారు వేషధారులని చెప్పుట సులభము, అది అన్యాయము. ఆ తండ్రి కన్నీటితో ప్రార్థించి, మనస్సాక్షి నెమ్మదితో నిద్రించును. కాదనిపించుకొనిన యువకుని మాట ఒక్కసారియైనను ఆ యింటి గుమ్మము దాటి లోనికి వచ్చెనా? సంఘ పెద్దల కూటములో దళిత విశ్వాసి లేచి మాటలాడినప్పుడు ‘ఇది ఆత్మీయ విషయము కాదు’ అని కూర్చుండబెట్టినవారు, స్ట్రాటన్ చేతులు రెండింటిని కట్టివేసి చూపు దిద్దుకొమ్మని చెప్పినవారితో సమానులు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు, అది బలమైనది. పొరుగువాని మాటవలన చూపు దిద్దబడునన్న యెడల, పొరుగువాని కన్నును త్రిప్పబడియుండవచ్చును గదా? 1933లో జర్మను విశ్వాసి పొరుగువారినే అడిగి యుండిన, నూటికి తొంబదిమంది అతని పొరపాటునే స్థిరపరచియుందురు. నిజమే. ఎక్కువమంది చెప్పునది చేతి తాకుడు కాదు. అది వేరొక కన్ను మాత్రమే. దెబ్బతిన్నవాని మాటయైనను ఎల్లప్పుడును సరియైనది కాదు. ఈ ఆక్షేపణను పూర్తిగా తొలగించు సూత్రము ఏ నీతిశాస్త్రములోను లేదు. అయితే మార్కు సువార్తలో, తక్కిన మూడు సువార్తలు విడిచిపెట్టిన ఒక చిన్న వృత్తాంతము కలదు.

బేత్సయిదా గ్రుడ్డివానిని ప్రభువు చేయిపట్టి ఊరివెలుపలికి తోడుకొనిపోయెను. కన్నులమీద ఉమ్మివేసి, చేతులుంచి, ఏమైనను కనబడుచున్నదా యని అడిగెను. స్వస్థపరచి, ఫలితమేమని అడిగిన తావు సువార్తలలో మరియొకటి కానరాదు. గ్రుడ్డివానికి సులభమైన జవాబు ఒకటి ఉండెను. చుట్టు నిలిచినవారు వినగోరినదియు అదే. కృతజ్ఞత, మర్యాద, విశ్వాసము అన్నియు అతనిచేత అదే చెప్పింపవలసినది. అతడు అట్లు చెప్పలేదు. మనుష్యులు కనబడుచున్నారు గాని, నడచు చెట్లవలె ఉన్నారని చెప్పెను. చూపు వచ్చినది, అది సరిగా లేదు అని, చూపునిచ్చినవాని ముఖముననే చెప్పెను. దేవుని కుమారుని మొదటి స్పర్శ అసంపూర్ణమైనదని చెప్పినట్లగునేమోయని అతడు వెనుదీయలేదు. ప్రభువును అతనిని గద్దింపలేదు, విశ్వాసము చాలదని చెప్పలేదు. మరల అతని కన్నులమీద చేతులుంచెను.

ఒక సంగతి వ్యాఖ్యానకర్తలు తరచుగా దాటిపోదురు: చెట్లు నడువవని ఆ మనుష్యుడు ఎట్లు ఎరుగును? పుట్టుగ్రుడ్డియని మార్కు చెప్పలేదు గనుక ఒకప్పుడు చూచియుండవచ్చును. లేనియెడల చెట్టును చేతులతో తడవి, మనుష్యుల అడుగుల చప్పుడు విని ఎరిగియుండవలెను. ఏదియైనను, క్రొత్త చూపు చెప్పినదానిని అతడు తన చేతులును చెవులును ఎరిగినదానితో సరిచూచెను. గ్రుడ్డితనపు సంవత్సరములలో నేర్చుకొన్నదానిని పారవేయలేదు.

రెండవమారు చేతులుంచినప్పుడు అతనికి అన్నియు తేటగా కనబడెను. ఊరిలోనికి పోవద్దని చెప్పి ప్రభువు అతనిని ఇంటికి పంపెను. ఇంటివారి ముఖములు అతడు ఏ క్రమమున చూచెనో, ఎవరిని మొదట గుర్తింపలేకపోయెనో మార్కు వ్రాయలేదు.